గోడ తాకి తలెత్తింది

మణికొండ, ఆదివారం

ఏమండీ, మేమిద్దరం కులాసా. మీ అడవి క్వార్టర్స్‌లో ఫోన్ పలకదు కాబట్టి ఈ కార్డు.

నిన్న మన ఆమని వంద మీటర్ల పోటీలో ఈదింది. సగం దాకా అందరికంటే ముందుంది. అవతలి గోడ తాకగానే మిగతా పిల్లలు గిరుక్కున తిరిగిపోతే, ఇది మాత్రం ఆగి, తలెత్తి గట్టు మీదికి చూసింది. ఏటా వేసవిలో మనం లోయలోకి దిగినప్పుడు జలపాతం కింద మడుగులో మీరు నేర్పిన ఈతే కదా! అవతలి బండ తాకి, "నాన్నా, వచ్చేశా" అని అరిచి, మీరు చెయ్యి ఊపాకే వెనక్కి ఈదేది. ఆ అలవాటు వల్ల నాలుగోది అయింది. ఏడవలేదు గానీ, ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

ఆవకాయ జాడీకి వాసెన గట్టిగా కట్టారా? చీమలు పడతాయి. ఆమని పాత నీలం తువ్వాలు ఎవరైనా ఇటు వస్తుంటే పంపండి. తమ్ముడు వాళ్లు బాగానే చూసుకుంటున్నారు గానీ, వీళ్ల కిటికీలోంచి అన్నీ అద్దాల ఆఫీసులే. ఒక్క కొండా కనిపించదు.

వచ్చే శనివారం మళ్లీ పోటీ. మీకు సెలవు దొరకదని తెలుసు. ఇకమీదట గోడ దగ్గర తలెత్తనని కోచ్ దాని చేత ఒట్టు వేయించుకున్నారు. నా చేత వేయించుకోలేదు. నేను గేటు వైపు చూస్తూనే ఉంటాను.

వేళకి తినండి.

మీ జయంతి