ఆ నీలం సముద్రం కాదు

ఐరిస్ ఆంటీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. షికాగోలో ఒక పెద్ద మ్యూజియంవాళ్ళు మీ బొమ్మలన్నీ పెట్టారు, నేపర్‌విల్‌లో మా పక్కింట్లో కూర్చుని వేసినవి కూడా. ప్రతి నీలం బొమ్మ పక్కనా ఒకటే మాట రాశారు: కరీబియన్ సముద్రం. నాకు ఒళ్ళు మండిపోయింది. జమైకాలో తుఫానుకి మీ ఇంటి కప్పు లేచిపోతే మీ నాన్న కప్పిన టార్పాలిన్ అది. దాని కింద, ఆ నీలం వెలుగులోనే మొదటిసారి కుంచె పట్టానని మా వంటింట్లో టీ తాగుతూ ఎన్నిసార్లు చెప్పారు!

గైడ్‌కి అదే చెప్పాను. "ఓ, ఇంటరెస్టింగ్!" అని నవ్వేసి, పక్క బొమ్మ దగ్గరికెళ్ళి మళ్ళీ సముద్రమే అంది.

మా అమ్మాయి మాత్రం కదల్లేదు. "మరి హౌస్ ఎక్కడుంది, అమ్మా?"

"దాని కిందే ఉందిరా," అన్నాను విసుగ్గా.

అది వంగి, ఫ్రేము కిందికి చూసింది. అంతమందిలో మీ ఇంటి కోసం వెతికింది అదొక్కతే, ఆంటీ.