బయటి రాష్ట్రం మేడమ్

సెప్టెంబరు 2

ఈ డైరీ తెలుగులో రాయడానికి కారణం ఒకటే. స్టాఫ్ రూమ్‌లో ఎవరికీ చదవడం రాదు. నాన్న నేర్పిన అక్షరాలు ఇలాగైనా పనికొస్తున్నాయి.

ఇవాళ ప్రిన్సిపాల్ సిస్టర్ రోజ్‌లిన్ పిలిచారు. కాలేజీకి గ్రేడ్ ఇచ్చే కమిటీ వస్తోందట. అన్ని మతాలవాళ్లూ, అన్ని రాష్ట్రాలవాళ్లూ ఉన్నారా అని చూస్తారట. మా కాన్వెంటు కాలేజీ ఎంతని? సిస్టర్లందరిదీ కేరళ, పిల్లలందరిదీ ఇక్కడి ఛత్తీస్‌గఢ్, దుర్గ్ చుట్టుపక్కలే. ఆంధ్ర అని చూపించడానికి నేనొక్కదాన్నే. గ్రేడ్ బాగా వస్తే కామర్స్‌లో ఒక పోస్టు పర్మనెంట్ అవుతుందన్నారు. ఆరేళ్లుగా కాంట్రాక్టు మీద కామర్స్ చెబుతున్నది నేనే. సరే అన్నాను.

సెప్టెంబరు 9

పట్టుచీర, పూలు, బొట్టు కాస్త పెద్దది. బ్రోషర్‌కి ఫోటో. ఫిజిక్స్ చెప్పే షబానా మేడమ్‌ని నా పక్కన నిలబెట్టి, దుపట్టా తల మీదికి లాక్కోమన్నారు. ఆవిడ ఎప్పుడూ తల మీద వేసుకోరు. ఇవాళ వేసుకున్నారు. ఫోటోగ్రాఫర్ నవ్వమన్నాడు. ఇద్దరం నవ్వాం.

సెప్టెంబరు 12

కమిటీ వచ్చింది. చైర్మన్ తెలుగాయన, గుంటూరట. ఏ జిల్లా అమ్మా అని అడిగారు. శ్రీకాకుళం అన్నాను. నాన్నది శ్రీకాకుళమే, అంతవరకు అబద్ధం కాదు. ఇక్కడికి ఎప్పుడొచ్చారన్నారు. సిస్టర్ నన్నే చూస్తున్నారు. ఈ ఉద్యోగం కోసమే ఆరేళ్ల కిందట వచ్చానన్నాను. చీమ కుట్టినట్టయినా లేదు.

పుట్టింది ఇక్కడే, నాన్న పనిచేసిన స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్‌లో, సెక్టర్ 9 ఆస్పత్రిలో. చదివింది సెక్టర్ 4లో. శ్రీకాకుళం రెండు పెళ్లిళ్లకి వెళ్లాను. అక్కడి పిల్లలు నన్ను హిందీ అక్క అన్నారు.

సెప్టెంబరు 30

గ్రేడ్ వచ్చింది. లడ్డూలు పంచారు.

అక్టోబరు 14

పోస్టూ వచ్చింది. ప్రభుత్వ గ్రాంటు పోస్టు కాబట్టి ఈ రాష్ట్రం వాళ్లకే ఇవ్వాలట. హమ్మయ్య అనుకుని నా డొమిసైల్ సర్టిఫికెట్ సిస్టర్ బల్ల మీద పెట్టాను. ఆవిడ దాన్ని చదివి మళ్లీ నా వైపే జరిపారు. ఆంధ్ర నుంచి వచ్చిన టీచరని కమిటీ రిపోర్టులో నా పేరు ఉందట. ఇప్పుడు లోకల్ అంటే వచ్చిన గ్రేడ్‌కే ఎసరట. వచ్చే ఏడు కూడా కాంట్రాక్టు ఇస్తానన్నారు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు రాలేదు.

చేజేతులా చేసుకున్నాను. ఎవరినని ఏం లాభం.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. ముప్ఫయ్యేళ్లు ప్లాంటులో చేసి రిటైరైన మనిషి. టీవీ కట్టేసి, "ఇక్కడే పుట్టినానని ఒక్క ముక్క సెప్పలేకపోనావేటమ్మా?" అన్నాడు. తరవాత అన్నం తిన్నాం.

అక్టోబరు 27

పోస్టు మీనాక్షి సాహూకి ఇచ్చారు. నా దగ్గరే చదువుకున్న పిల్ల. తెలివైనది. కాళ్లకు దండం పెట్టి, అంతా మీ దయే మేడమ్ అంది. దాని మీద కోపం తెచ్చుకుందామని చూశాను. కుదరలేదు. బాధ మాత్రం ఉంది, ఎక్కడో దూరంగా, పక్క క్వార్టర్లో రేడియో మోగుతున్నట్టు.

నవంబరు 1

ఛత్తీస్‌గఢ్ అవతరణ దినం. కాలేజీలో రాష్ట్ర గీతం. పిల్లల్లో సగం మందికి రాదు. నాకు మొత్తం వచ్చు, పాడాను. అయ్యాక సిస్టర్ వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఆంధ్ర ఏర్పడింది కూడా ఇవాళేనట కదా, హ్యాపీ ఆంధ్రా డే అన్నారు.

థాంక్యూ సిస్టర్ అన్నాను.