కరెంటు లేని వేళ కరెంటు దొంగతనం

జామతోటవలస,
తేదీ: 18-11-2025

శ్రీయుత అసిస్టెంట్ ఇంజనీరు గారికి,
విద్యుత్ సెక్షన్ ఆఫీసు, జామతోటవలస.

అయ్యా,

విషయం: మా దేవుడి గది నుండి సీజు చేసిన "గుర్తు తెలియని డబ్బా – 1" తిరిగి ఇప్పించుట గురించి.

1. ఆ డబ్బా బ్యాటరీ. నా ఆఖరి చెల్లెలు డాక్టర్ విశాలి, మెటీరియల్స్ సైంటిస్టు, జీడిపిక్కల తొక్కలు కాల్చిన బొగ్గుతోను, ఉప్పులో ఉండే సోడియంతోను తయారు చేసినది. అరుదైన లోహాలు అక్కరలేని, పారేసినా నేలకు చేటు చేయని బ్యాటరీ కావాలని ఆమె పట్టుదల.

2. పగలు సోలారు పలకతో నిండి, సాయంత్రం దేవుడి దగ్గర బల్బు వెలిగించాలి. అలా వెయ్యి రోజులు. "లేబుకి సెలవులుంటాయక్కా, నువ్వు దీపం మానవు. ఒక్క రోజు తప్పితే మళ్లీ ఒకటి నుంచే" అని నాకు అప్పగించింది. రోజుకొక గీత ఆమె ఇచ్చిన పుస్తకంలో గీస్తాను. జ్వరంలోనూ మానలేదు. ఈ నెల పదో తేదీకి 873.

3. ఆ సాయంత్రం వీధంతా కరెంటు పోయింది. తమ సిబ్బంది వచ్చారు. సహస్రనామం పూర్తయ్యేవరకు ఆగమన్నాను, ఆగారు. తరువాత లైన్‌మేన్ ఎర్రన్న, "ఊరంతా సీకటైతే మీ ఇంట్లోనే ఎలుగున్నాది. ఎక్కడినుంచి లాగుతున్నారమ్మా?" అన్నాడు. తీగలో కరెంటే లేదు కదా నాయనా అన్నాను. "అదే సెప్తన్నాను. లేనప్పుడే ఇంత లాగినోళ్లు, ఉన్నప్పుడెంత లాగుతారో." దొంగతనం కేసు రాసి, డబ్బాతోపాటు పలక, బల్బు కూడా పట్టుకెళ్లారు.

4. బ్యాటరీ అని చెప్పగా కంపెనీ పేరు చూపమన్నారు. ఇంకా ఏ కంపెనీ చేయలేదు, అందుకే పరిశోధన అన్నాను. కంపెనీ పేరు లేనిది బ్యాటరీ కాజాలదని తమరు సంతకం చేసిన కాగితంలో ఉన్నది. బ్యాటరీ కానిదానిలో కరెంటు ఎట్లు దాచితినో తెలియకున్నది.

5. చెల్లెలికి ఇంకా చెప్పలేదు. రోజూ ఫోనులో "ఎంతయిందక్కా?" అంటుంది. పూజలో ఉన్నాను, తరువాత చెబుతాను అంటున్నాను. దేవుణ్ణి అడ్డుపెట్టుకొనుట వారం దాటినది.

కావున డబ్బా, పలక, బల్బు ఇప్పించి, నన్ను ఈ అబద్ధం నుండి తప్పించవలెనను మనవిని తమరు దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
జగదీశ్వరి

తా.క.: ఇది ఇవ్వడానికి సాయంత్రం మీ ఆఫీసుకు వచ్చాను. కరెంటు లేదు. మీ బల్ల మీద మా బల్బు వెలుగుతోంది. పలక కిటికీలో ఉంది. "రోజూ పోతన్నాది గదమ్మా. తెచ్చిన మర్నాటినుంచి ఒక్క పూట మానలేదు. ఆదివారం డ్యూటీలో నేనే ఎలిగించేను" అన్నాడు ఎర్రన్న. ఎక్కడినుంచి లాగుతున్నారని నేను అడగలేదు.

పై మనవి వెనక్కి తీసుకుంటున్నాను. వెయ్యి పూర్తయ్యేదాకా అక్కడే ఉంచండి. చెల్లెలి పుస్తకం జతపరిచాను. ఎనిమిది గీతలు ఆ వెలుగులోనే గీశాను. ఈ రోజు ఫోనులో 881 అని చెబుతాను. రేపటి గీత తమరిది. ఆదివారాలు ఎర్రన్న గీస్తానన్నాడు.