కూరకు తీసిన మూట

మార్చి 27

ఇడ్లీ పోయింది. మజ్జిగ పోయింది. కొబ్బరినీళ్ళు గొంతు దిగకముందే వెనక్కి వచ్చేశాయి. మూడో నెల దాటితే తగ్గుతుందని డాక్టరమ్మ అంది. మూడో నెల దాటిపోయింది, తగ్గింది నా బరువే. లోపల బిడ్డకు ఏం అందుతోందో తలుచుకుంటే భయం వేస్తోంది.

ఊళ్ళో ఎక్కడ ఏం తినాలో అందరికీ చెప్పే దుర్గాభవానికి మంచినీళ్ళు కూడా ఇమడడం లేదు. నా పేజీ ‘సిక్కోలు పళ్ళెం’లో ఈ ముక్క పెడితే బోలెడు లైకులు వస్తాయి. పెట్టను.

మార్చి 29

ఇమిడింది!

డాక్టరమ్మ దగ్గర్నుంచి వస్తుంటే బజారు వెనక సందులో బండి ఆపమన్నాను. వాంతి చేసుకోవడానికే ఆపమన్నాను. కానీ ఒక వాసన తగిలి అక్కడే నిలబడిపోయాను. నిన్నటి చేపల పులుసు. ముందురోజు సాయంత్రం మట్టి దాకలో కాచి, రాత్రంతా కదపకుండా వదిలేసి, పొద్దున్న వేడన్నంలో వేసుకునే పులుసు. ఈ ఊళ్ళో జ్వరం వచ్చి లేచినవాడు మొదట అడిగేది అదే. అత్తారింటికి వెళ్ళిన పిల్ల ఫోన్లో అడిగేదీ అదే.

బోర్డు కూడా లేని మెస్. నాలుగు బల్లలు. నడిపే ఆమె పేరు కూర్మమ్మ, లావుగా, చేతులకు పసుపు. నా మొహం చూసి ఏమీ అడగకుండా వడ్డించింది. కానాగంతల పులుసు. రెండుసార్లు కలుపుకున్నాను. తిని, వాంతి కోసం ఎదురు చూస్తూ కూర్చున్నాను. రాలేదు. ఆటోవాళ్ళందరి ముందూ ఏడ్చేశాను. ఏటే గుంటా, కారం ఎక్కువైనాదేటి అంది కూర్మమ్మ.

ధర్మేంద్ర కూడా కళ్ళు తుడుచుకున్నాడు. కారమే అన్నాడు. అబద్ధాలకోరు మొగుడు.

ఏప్రిల్ 3

రోజూ అదే పులుసు. మొదటి రెండు రోజులు ధర్మేంద్ర క్యారేజీ తెచ్చాడు, నా కాలేజీకి సెలవు పెట్టాక నేనే వెళ్తున్నాను. అరకేజీ పెరిగాను.

కూర్మమ్మకు చేప తెచ్చేది జగ్గమ్మ. ఒడ్డు నుంచి నేరుగా ఆటోలో దిగుతుంది. మాటల్లో తెలిసింది, మా అమ్మమ్మ బుల్లమ్మ ఊరే ఆమెది. నాన్న వల వదిలి లారీ ఎక్కాక, అమ్మమ్మ పోయాక నేను ఆ ఊరు వెళ్ళనే లేదు. కానీ జగ్గమ్మ బేసిన్ అంచున తడిగుడ్డ మూట చూడగానే గుర్తుపట్టాను. కూరకు తీసిన మూట. మా వాళ్ళు చేపను అమ్మకానికి తీసుకెళ్ళే ముందు ఇంటి కూరకు కాసిని తీసి మూట కడతారు. అమ్మకం అయ్యాక ఆ మూట తిరిగి ఇంటికి వెళ్తుంది. బేరం ఎంత బాగున్నా దాన్ని విప్పరు. ఒకసారి రెండే చేపలు పడితే అమ్మమ్మ ఒకటి మూట కట్టి, ఒకటి అమ్మింది.

ఆ మూట నాకిచ్చేయ్ అని జగ్గమ్మను ఆటపట్టించాను. బేసిన్‌డు సేప సాలదేటి నీకు, మా గుంటలు ఏటి తింతారు అని కసిరింది. అచ్చం అమ్మమ్మ గొంతు.

ఏప్రిల్ 15

ఇవాళ్టి నుంచి వేట నిషేధం. రెండు నెలలు బోట్లు కదలవు. అంతా ఐసు చేప, చెరువు చేప. చెరువు చేప పేరు చెబితేనే కడుపులో తిప్పుతోంది. మరి బిడ్డ ఏం తింటుంది? కూర్మమ్మను అడిగితే, దేవుడున్నాడు సూద్దాం అంది. దేవుడు పులుసు పెడతాడా?

ఏప్రిల్ 19

పెట్టాడు! మూడు రోజులు పస్తు లాంటి బతుకు తర్వాత నిన్న జగ్గమ్మ దిగింది. బేసిన్ నిండా సముద్రం చేప. మొప్పలు ఎర్రగా, కళ్ళు తేటగా. బోట్లు ఆపేశారు కదా అంటే, తెప్పలు ఎల్తన్నాయి అంది, నా వైపు చూడకుండా.

ఆనందం పట్టలేక, నిన్న బేసిన్ దించడం నుంచి ఇవాళ తినడం దాకా వీడియో తీసి పేజీలో పెట్టాను. దాక, ఆవిరి, కూర్మమ్మ గరిటె, నా పళ్ళెం. శ్రీకాకుళంలో నిన్నటి పులుసు ఎక్కడ తినాలి అని నేనే అడిగి, ఒక్కచోటే అని నేనే చెప్పాను. నిషేధంలో కూడా సముద్రం చేపే అని కూడా చెప్పాను.

ఏప్రిల్ 22

లక్ష దాటింది. కూర్మమ్మ ఇంకో రెండు బల్లలు అద్దెకు తెచ్చింది. నన్ను మహలక్ష్మి అంటోంది. సిగ్గేసింది, బాగానే ఉంది కూడా.

ఏప్రిల్ 26

జగ్గమ్మకు ఇవాళే తెలిసింది. చీర కట్టుకుని వెళ్ళాను, పొట్ట కనిపించింది. బేసిన్ దించుతూ ఆగిపోయింది. కూర్మమ్మ లోపలికి వెళ్ళేదాకా చూసి, దగ్గరకొచ్చి, నువ్వు ఇది తినకు తల్లీ, పప్పు తిను, మెంతికూర తిను అంది. ఎందుకంటే చెప్పదు. నీకు పడదు అంతే అంది.

ఒళ్ళు మండింది. కడుపుతో ఉంటే అది తినకు, ఇది తొక్కకు, గ్రహణం చూడకు. బీటెక్ పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. దీనికి ఇమిడేది ఇదొక్కటే అన్నాను. ఆమె ఎదుటే రెండు ముక్కలు ఎక్కువ వేయించుకుని తిన్నాను.

మే 4

కదిలింది.

పులుసు రెండో ముద్దకు. పొట్టలో బుడగ పేలినట్టు. అక్కడే ధర్మేంద్రకు ఫోన్ చేశాను. కూర్మమ్మ తడి చెయ్యి నా పొట్ట మీద పెట్టి, నా పులుసుకి లెగిసినాది సూడండర్రా అని మెస్ అంతటికీ చెప్పింది. ఇంతకన్నా మంచి రోజు నాకు రాలేదు.

మే 9

పెదవులు తిమ్మిరిగా ఉన్నాయి. చలికాలంలో పొద్దున్నే నదిలో మునిగి లేచినట్టు. వేళ్ళ చివర్లు కూడా. ఇది మామూలేనట, ఇంటర్నెట్‌లో అందరికీ ఉన్నాయి.

మే 13

కూర్మమ్మ నన్ను లోపలికి పిలిచి ఉప్పు చూడమంది. ఎప్పుడూ ఎవరినీ అడగని మనిషి. నాలిక మొద్దుబారిపోనాదే, కారం తెలస్తంది గానీ ఉప్పు తెలట్లేదు అంది. ఎండలకే అని నవ్వింది. గరిటె చేతిలోంచి జారింది. మళ్ళీ నవ్వింది.

పులుసు నోట్లో వేసుకున్నాను. సరిపోయింది అన్నాను.

ఇంటికి తెచ్చిన పులుసు ధర్మేంద్రకు కొంచెం పెట్టాను. ఒక్క ముద్ద తిని ఉమ్మేశాడు. ఇది పులుసా, ఉప్పు మడా అన్నాడు. నాకు తెలియలేదు. నిజంగా తెలియలేదు.

మే 17

మూట లేదు.

జగ్గమ్మ బేసిన్ అంచు చూశాను. లేదు. ఆటోలో ఉందేమో అని వెళ్ళి చూశాను. అక్కడా లేదు. ఇన్నాళ్ళూ తింటున్నానే, ఎప్పట్నుంచి లేదో ఒక్కరోజూ చూడలేదు.

ఏప్రిల్ 19 నాటి నా వీడియో పెట్టి చూశాను. మొదటి పది సెకన్లలో జగ్గమ్మ బేసిన్ దించుతుంది. అంచు ఖాళీ.

మే 18

ఇవాళా లేదు. తిన్నాను. తినకపోతే ఏం తినను?

మే 20

తెల్లవారకముందే అమ్మమ్మ ఊరు బయల్దేరాం. ధర్మేంద్ర గొణుగుతూనే బండి నడిపాడు. గుంతల్లో నెమ్మదిగా.

బోట్లన్నీ ఒడ్డు మీద బోర్లించి ఉన్నాయి. తెప్పలు కూడా. ఒక్కటీ తడిగా లేదు.

గెడ్డ వచ్చి సముద్రంలో కలిసేచోట ఆడవాళ్ళు వంగి ఉన్నారు, ఊడ్పుల్లో లాగా వరసగా. అల వస్తోంది, వెనక్కి పోతోంది, పోయినప్పుడల్లా ఇసుక మీద చేపలు. కానాగంతలు, కవళ్ళు. కొన్నిటి మొప్పలు ఇంకా ఆడుతున్నాయి. అందుకే తాజా. అందుకే కూర్మమ్మకు తెలియలేదు.

కాకులు బోట్ల మీద కూర్చుని ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. ఒక కుక్క వచ్చి వాసన చూసి పక్కకు తొలగి వెళ్ళిపోయింది. ధర్మేంద్ర నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, నొప్పి పుట్టేంత.

జగ్గమ్మ నన్ను చూసి నడుం ఎత్తింది. నీకు సెప్పినాను గదా తల్లీ, తినొద్దని అంది. మిగతా వాళ్ళకో అన్నాను. వేట నేదు, పొయ్యి ఎలగ లెగాల, ఆలకి ఎవులు సెప్తారు అంది. చేపలో ఏముంది, గెడ్డలో పైనుంచి ఏం కలుస్తోంది, ఎన్నో అడిగాను. తెలదు అంది. వలకి పడ్డ సేపని మాం తింతాం. దానంతటది ఒడ్డుకొచ్చినదాన్ని తినం. మీ అమ్మమ్మ బుల్లమ్మున్నా తినదు అంది.

తిరుగు దారంతా పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. లోపల ఎగిరెగిరి పడుతోంది. ఇది పులుసు వేళ.

మే 21

వీడియో తీసేశాను. కూర్మమ్మకు చెప్పాను. నమ్మలేదు. నా సేత్తో కడిగిన సేప, మొప్ప సూసి కొన్న సేప, నాకు సెప్తావేటి అంది. ఆ చేతికి కట్టు ఉంది. మరిగే దాక పట్టుకున్నా కాలినట్టు తెలియలేదట. నా కొట్టు మూయించడానికి పుట్టావేటే, నిన్ను కూతురనుకున్నాను అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తినను, కూర్మమ్మా, నువ్వూ తినకు అని కాళ్ళు పట్టుకోబోయాను. వెనక్కి తోసింది. నెమ్మదిగానే తోసింది, పొట్ట చూసుకుని.

మే 24

స్కాన్. అంతా నార్మల్. రక్తం కూడా నార్మల్. చేప బిడ్డ మెదడుకు మంచిదేనమ్మా, సరే కొన్నాళ్ళు ఆపండి అని నవ్వింది డాక్టరమ్మ. ధర్మేంద్ర ఎవరెవరికో ఫోన్లు చేశాడు. మత్స్యశాఖ వాళ్ళు చేపల శాంపిల్ తీసుకెళ్ళారట. చెబుతారట.

మే 28

వాంతులు మళ్ళీ మొదలు. అన్నం, పప్పు, పండు, బిస్కెట్, ఏదీ ఆగడం లేదు. తింటే విషమేమో, తినకపోతే పస్తు. మధ్యలో అది.

జూన్ 2

సెలైన్ ఎక్కించారు.

జూన్ 8

నేను తీసేస్తే ఏం, నా వీడియో కోసి, పాట తగిలించి పదిమంది పెట్టారు. నా నవ్వు, నా పళ్ళెం, నా గొంతు. విజయనగరం నుంచి, బొబ్బిలి నుంచి కార్లేసుకుని వస్తున్నారట. ఒక పేజీ కింద వద్దు, తినకండి అని కామెంట్ పెట్టాను. ఎంత తీసుకుని మాట మార్చావు అక్కా అని వంద జవాబులు.

జూన్ 10

నిన్నటి నుంచి లోపల కదలిక లేదు. ఆసుపత్రికి పరుగెత్తాం. గుండె కొట్టుకుంటోంది, వినిపించారు కూడా. గుర్రం డెక్కల్లా ఉంది. బద్ధకం పిల్ల, పడుకుంది అన్నారు. ఇంటికొచ్చాక ఎడమ పక్కకు తిరిగి, చల్లటి నీళ్ళు తాగి, పేరు లేని దాన్ని పేరు పెట్టి పిలిచి చూశాను. పలకలేదు.

జూన్ 14

ఈ రాత్రితో నిషేధం అయిపోతుంది. బోట్లు దిగుతాయి. వల చేప వస్తుంది. జగ్గమ్మ బేసిన్ అంచున మూట ఉన్న రోజు, నేను కడుపు నిండా తింటాను. అదొక్కటే ఆలోచన. ధర్మేంద్ర కూడా అదే అంటున్నాడు. ఇద్దరం పండగకు ఎదురు చూసే పిల్లల్లా ఉన్నాం.

జూన్ 16

పొద్దున్నే మెస్ ముందు కాపు కాశాను. ఆటో వచ్చింది. నిండు బేసిన్. చేతిలోకి తీసుకుని చూశాను, మెడ దగ్గర వల కోసిన గీతలు. నిజం చేప. పట్టిన చేప. నాకు ప్రాణం లేచి వచ్చింది.

బేసిన్ అంచు చూశాను. అవతలి అంచు కూడా చూశాను.

కూరకు తియ్యలేదా అని అడిగాను. జగ్గమ్మ తల మీది చుట్టకుదురు సర్దుకుంది. బేసిన్‌లో చేపల్ని అటూ ఇటూ పేర్చింది. ఈ పూట మా ఇంటికాడ పప్పుసారమ్మా అంది.

లోపల కూర్మమ్మ ఎవరినో ఉప్పు చూడమని పిలుస్తోంది.

జూన్ 19, ఉదయం ఏడు

మేడ మీద అద్దెకుండే గౌరి కూర్మమ్మ మెస్ నుంచి పార్సిల్ తెప్పించుకుంది. నా వీడియో చూసే. నిన్నటి పులుసు. వేడి చేస్తున్నట్టుంది, వాసన మెట్ల మీదుగా దిగి వచ్చింది.

ఇన్నాళ్ళకు లోపల కదిలింది. ఒకసారి కాదు. ఆగకుండా.

ధర్మేంద్ర స్నానంలో ఉన్నాడు.

పళ్ళెం తీసుకున్నాను.