సంచిలోకి పోయిన గవ్వలు

అమ్మని హోములో పెట్టి పరువు తీసినానని మళ్లీ మొదలుపెట్టినావు తమ్ముడూ. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనీవు. అందుకే ఉత్తరం రాసి ఫొటో తీసి పంపుతా. దీన్ని మధ్యలో కట్ చెయ్యలేవు గదా.

నాయన పోయినాక ఉదయగిరిలో అమ్మకి మనం మర్యాద ఎక్కువ చేసినాంరా. పని ముట్టుకోనియ్యలేదు. కంచం మంచం దగ్గరికే పంపినాం. పోట్లాడేదానికి ఒక్క మనిషిని కూడా మిగల్చలేదు. చివరికి అమ్మ మాటే మానేసింది.

ఈ ఆత్మకూరు హోములో ఆమెకి జలదంకి మాలకొండమ్మ దొరికింది. ఇద్దరూ రోజూ గవ్వలాడతారు, దొంగాటని తిట్టుకుంటారు, మళ్లీ పక్కపక్కనే కూర్చోని తింటారు.

రేపు నువ్వు కారు తెచ్చి ఇంటికి తీసకపోతావని అమ్మకి చెప్పి పొద్దున సంచి సర్దినాను. అప్పట్నుంచి అమ్మ అన్నం ముట్టలేదు, నోరు తెరవలేదు. నాకు భయంగా ఉండాది. ఊళ్లో ఆ పరువేదో నేను మోస్తాను, నా భుజాలింకా బాగానే ఉన్నాయి.

ఉండు, అమ్మ అరస్తా ఉండాది.

"ఒరే పెద్దోడా! నా గవ్వలు సంచిలో ఎందుకేసినావురా? ఇట్టా తే, మాలకొండమ్మ కాచుకోనుండాది!"

వస్తన్నానమ్మా! తమ్ముడూ, రేపు వస్తే రా, ఆ సంచి జోలికి మాత్రం