మేరీ ఆంటీ ఇచ్చిన రూబార్బ్

షానన్, ఐర్లండ్. ఫిబ్రవరి, ఆదివారం రాత్రి.

రూబార్బ్ బతికింది!

చలికాలం ముందు పక్కింటి మేరీ ఆంటీ పుల్లటి ఎర్ర కాడలు కాసే తన రూబార్బ్ మొక్కని వేళ్ల దగ్గర చీల్చి, ఒక దుంప మా రెండిళ్ల మధ్య గోడ మీద పెట్టి, కరోనా భయంతో వెంటనే వెనక్కి జరిగింది. నాటాక ఆకులన్నీ కుళ్లిపోయాయి. చలికి చస్తుందని పాత దుప్పటి కప్పాను. ఆంటీ కిటికీలోంచి చేతులూపి, "తీసెయ్, దానికి చలి కావాలి!" అని అరిచింది. తీసేసి, ఆవిడ చూపించినట్టే మొదలు మీద పడకుండా చుట్టూ పశువుల ఎరువు వేశాను.

"చచ్చినదానికి కాపలా ఏంటే? పీకేసి మెంతికూర వేస్తా" అని ఆయన ఇవాళ పార పట్టుకొచ్చారు. పెళ్లయ్యాక మొదటిసారి ఆయనకి అడ్డం నిలబడ్డాను. "ఒక్కసారి వంగి చూడండి" అన్నాను. మట్టిలోంచి బొటనవేలంత ఎర్రటి మొగ్గలు!

ఆయన పార గోడకి ఆనించి, "పుల్లగా ఉంటుందటగా, పప్పులో వేస్తావా?" అన్నారు.

"కాడలే వెయ్యాలి, ఆకులు విషం. వేరు బలపడాలి, ఈ ఏడాది అసలు కోయకూడదు" అన్నాను.

ఇంగ్లీషు అర్థమైనా మాట్లాడటం రాదని ఎప్పుడూ తలూపి ఊరుకునేదాన్ని. ఇవాళ వీధంతా వినపడేలా "ఆంటీ! రూబార్బ్ కమ్!" అని అరిచాను. ఆవిడ కిటికీ తెరిచి "గ్రాండ్, లవ్, గ్రాండ్!" (భేష్ తల్లీ, భేష్ అని) అంటూ చప్పట్లు కొట్టింది. మధ్యలో దగ్గింది. ఆ దగ్గు తగ్గితే చాలు. వచ్చే ఏడాది మొదటి కాడలు గోడ మీద పెట్టను, ఆవిడ చేతికే ఇస్తాను...