బేస్‌లైన్ గదిలో అత్తమ్మ

మే 4, ఉదయం 7.00
నేటి నుంచి పది రోజులు. తిరుగులేని నిర్ణయం.

పోయిన మే నెలలో మా అత్తమ్మ గౌరవ్వ వెనక గదిలో బీడీలు చుడుతూ ఎండకు తాళలేక పడిపోయింది. మళ్లీ అలా జరగకూడదు. "ఇయ్యాల్నే ఆ గదిల ఏసీ పెట్టిద్దాం" అన్నాడు మా ఆయన ప్రేమ్‌కుమార్, కామారెడ్డి డ్యూటీకి బయల్దేరుతూ. నేను ఒప్పుకోలేదు, ముందు కూలర్‌ను ఏసీతో పోల్చి చూద్దామన్నాను. కొత్త భవనాలకు ఎంత కరెంటు కావాలో ఇంటి నుంచే కంప్యూటర్లో లెక్కగట్టే ఉద్యోగం నాది. పోల్చి చూడకుండా నా ఇంట్లోనే మిషను కొంటే మా ఊరు ఎల్లారెడ్డిలో నా పరువేం కావాలి?

మా పనిలో కట్టబోయే భవనం 'ప్రపోజ్డ్'. దాని పక్కన ఊహించుకునే మామూలు భవనం 'బేస్‌లైన్'. రెండింట్లో మనుషులు, గంటలు ఒకేలా ఉండాలి. అప్పుడే మిషన్లను పోల్చగలం.

వెనక గది: కూలర్, అత్తమ్మ. బేస్‌లైన్.
ముందు గది: ఇప్పటికే ఉన్న ఏసీ, నేను. ప్రపోజ్డ్.
తొమ్మిది నుంచి ఐదు దాకా తలుపులు మూత. ఎవరి గదిలో వాళ్లు.

సాయంత్రం 5.00
అద్భుతం! ముందు గది 26 డిగ్రీలు, వెనక గది 31. "అయిపాయెనా బిడ్డా?" అంది అత్తమ్మ. ఇంకా తొమ్మిది రోజులన్నాను.

మే 5
11.20. అత్తమ్మ నా గదిలోకి వచ్చింది. "కత్తెర ఈడ మర్చిన్నా?" లేదు. పది నిమిషాలు వెతికింది.
12.05. ఈసారి దారం కోసం.
12.40. మంచినీళ్లు. ఆమె గదిలో నిండు బిందె ఉంది.
మూడు రీడింగులు పాడు. పర్వాలేదు, మొదట్లో ఇలాంటివి మామూలే.

మే 6
కూలర్ గాలికి చేటలో తంబాకు ఎగిరిపోతోందట. కూలర్‌ను గోడవైపు తిప్పేసింది. గోడ మాత్రం హాయిగా ఉంది.

ఆఫీసు పని: ఒక కాలేజీ భవనం. హీటర్ లేదు. అయినా రెండు మోడళ్లలో ఒకే రకం హీటర్ ఉన్నట్టు రాయాలి, నియమం. ఫోన్లో ఆఫీసువాళ్లకు అదే చెబుతున్నాను.
"గీ ఎండల హీటరేందే?" అంది అత్తమ్మ, తలుపు తీసుకుని వస్తూ.
"లేదత్తమ్మా, ఉన్నట్టు రాస్తం, అంతే."
"మరి నేను గూడ ఆ గదిల ఉన్నట్టు రాసుకోరాదు?"

మే 7
గదులు మార్చుకున్నాం. న్యాయంగా ఉంటుందని. గంటన్నరకు అత్తమ్మ చేట ఎత్తుకుని నా దగ్గరికే వచ్చేసింది. "ఏసీకి ఆకు ఎండుతుంది. మడిస్తే ఇరుగుతుంది."
ముందు గదిలో ఏసీ, సున్నా మనుషులు. చక్కగా పనిచేస్తోంది.

మే 8
మధ్యాహ్నం కరెంటు పోయింది. రెండు గదులూ 37. ఇంత బాగా కలవడం ఇదే మొదటిసారి.

మే 9, మధ్యాహ్నం 2.00
విసుగొచ్చింది. "ఒక్క రోజన్న మీ గదిల కూసోరాదా అత్తమ్మా?" అన్నాను.
ఆకు కత్తిరిస్తూనే చెప్పింది. "పోయినేడు గట్లనే కూసున్న. తలుపు ఏసుంది. పడ్డంక ఎంతసేపు పిలిచిన్నో, ఎవ్వలకూ ఇనరాలే. ఎండకు ఓర్సుకుంట బిడ్డా. ఒక్కదాన్నే ఉండాల్నంటెనే గుండె దడ."

ఆ రోజు నేను ముందు గదిలోనే ఉన్నాను, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మీటింగులో. చల్లదనం పోతుందని తలుపు వేసింది కూడా నేనే. చాలా సిగ్గేసింది.

మే 10, ఉదయం 9.00
పాత లెక్క రద్దు. నేటి నుంచి కొత్తగా పది రోజులు.
ముందు గది. ఏసీ 28 మీద. ఆకుల మీద తడిగుడ్డ. మనుషులు ఇద్దరు. హెడ్‌ఫోన్ ఒక చెవికే.

అత్తమ్మ నా కుర్చీ పక్కన చేట సర్దుకుంటూ అడిగింది. "మరి ఈ పది దినాలైనంక?"
అప్పటికి లెక్క ఎలాగూ తప్పుతుంది, మళ్లీ మొదటి నుంచి చేద్దామన్నాను.